లోపలిది మట్టే

విశారద మేడం ఉట్నూరు నుంచి వచ్చి
ఫోన్ల పిల్లిని చూపెట్టింది.
కూసున్న పిల్లి. నిటారు వీపు.
తోకను కాళ్ల పక్కకు తెచ్చి పెట్టుకొని
పంచాయితిల పెద్దమనిషి లెక్క.
ఒక చెవికి పోగు.
"ఈజిప్టుది. రెండున్నర వేల ఏండ్లది.
ఇసొంటివి పది పోస్తవా?"

ఇత్తడా అని అడిగిన. కాదు, కంచట.
కంచో కాదో మోగిస్తెనే గదా తెల్సేది.
ఫోటో మోగదు.

వేలితోని జరిపింది: డేగ.
వంకర ముక్కు కొంగ.
పిడికెడంత చుంచెలుక, దానికి గూడ పీట!
"వడ్లు తినేదానికి మొక్కుడేంది?"
అయ్యూబాయి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.
మాకు నెమలి తెలుసు, ఏనుగు తెలుసు,
దండారికి గజ్జెలు తెలుసు,
గోండుల పేనుకు ఏది ఎట్ల పొయ్యాల్నో తెలుసు.
పిల్లిని ఎవరూ అడగలే.
ఎదురొస్తే ఆగి, చెప్పులిడిచి, మళ్ల నడిచే ఊరు మాది.

పేరు తెల్వని అన్నా,
నిన్నే అడుగుతున్న.
నీకు పుట్టమన్ను ఏడ దొరికేది?
మాకు జైనూరు తొవ్వల దొరుకుతది,
పెండ కలిపి, గుడ్డల వడగట్టి, రెండొద్దులు నానబెడ్తం.
మైనం కోలాములు తెస్తరు,
అండ్ల ఇంకా తేనెటీగ రెక్కలుంటయ్.
నీ పిల్లి నున్నగుంది. మాది దారాల పని,
మైనం పోగు పోగు అయ్యూబాయి చుట్టాలె,
ఒంటి మీద అల్లిక కనవడాలె.
అయితేంది, పొయ్యిల పెట్టినంక
నీ మైనమైనా నా మైనమైనా కారి పోవుడే.
అది పోయిన జాగల్నే గదా మన కూడు.

మేడం ఇంకోటి చెప్పింది.
కొన్ని బొమ్మల కడుపుల నిజం పిల్లులే ఉన్నయట,
బట్టల చుట్టి, చిన్నగ మడిచి.
నా ఛాతికి రిమ్స్‌ల తీసినట్టే
వాటికి ఎక్స్‌రే తీసిండ్రట.
కొన్నిట్ల బొక్కలు.
కొన్నిట్ల ఒక్క గుడ్డపేలిక.
కొన్ని ఉత్తయే.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే.
మొక్కు తీర్చుకోను ఎవలో ముసలామె
ఎన్ని ఊర్లు నడిచొచ్చి కొన్నదో,
ఉత్తది చేతుల పెట్టింది ఎవరు?
పూజారా? నువ్వా?
ఆమెకు తెలుసా?
తెలిసే గూడ నెత్తికి అద్దుకున్నదా?

మాకొక పిల్లి ఉండె. బూది దాని పేరు.
కొలిమి ఆరినంక వెచ్చటి బూడిదల పండేది,
లేచి దులుపుకుంటే మా కంచాలన్ని మబ్బు మబ్బు.
పొలాల అమాస ముందు ఇసుక లారీ కింద పడ్డది.
గుడిసె ఎనక పాతినం. భావురావు బడికి పోలే ఆ దినం.

పది లోపలి బొమ్మలు అయ్యూబాయే చేసింది.
ఎండినయా అని నొక్కి చూస్తుంటే
పదోదాని మెడ కాడ, మన్నుల,
బొటనేలికి ఏదో తగిలింది.
సన్నగ. కొసకు వాడిగ.
కోరపన్ను.
ఆమె దిక్కు చూసిన.
పాత నల్లాలు, పగిలిన బిందె చెవులు ఏరుతున్నది,
తలకాయ ఎత్తలే.
నేను గూడ ఏం అనలే.
ఆ జాగల మైనం కొద్దిగ మందంగ చుట్టమన్న.

శుక్రారం మేడం వచ్చింది.
ఒక్కొక్కటి చెవి కాడ పెట్టి ఆడించింది.
తొమ్మిది మూగయి.
పదోది ఖడఖడ అన్నది.
"ఇదేంది, లోపల ఏమన్న ఉన్నదా?"

మట్టే మేడం. ఎండి పెళ్ళ ఊడింది.
లోపలి మన్నుకు బరువు కోసుకోండ్రి.

కోసుకున్నది. తీరు చెడ్డదని ఇంకో వంద తగ్గించింది గూడ.
డబ్బాల పెట్టి తాడు కట్టినంక
భావురావు అడిగిండు,
అది ఏ ఊరికి పోతది నాయినా అని.
నాకేం ఎరుక?
జీపు మలుపు తిరిగేదాంక
కొలిమి కాడ నిలబడి ఇన్న.
రాళ్ల తొవ్వల అన్నీ మోగుతయ్ గదా,
ఏది ఏ సప్పుడో.